నేను గీతతో మూసిన మూడు కంతలు

మా పాత ఆఫీసులో నక్షాలు గీసే గది గోడకు నా నక్షా ఒకటి ఇంకా వేలాడుతూ ఉంది. అది తప్పు నక్షా. కింద కుడి మూలన ఉన్న సంతకం నాదే. నేను రిటైరయ్యాక దాన్ని తీసేస్తామని రెండుసార్లు కబురు పంపారు. రెండుసార్లూ వీల్లేదన్నాను. రిటైరైనదాని మాట ఎవరు వింటారని మీరనుకోవచ్చు. నా మొండితనం వాళ్ళు చూసినవాళ్ళే కాబట్టి విన్నారు.

కొత్తగా పనిలో చేరిన పిల్లలు ఆ నక్షా ముందు నిలబడి, తప్పని తెలిశాక కూడా గోడకెందుకు ఉంచారని అడుగుతున్నారట. వాళ్ళకోసమే ఇది రాస్తున్నాను. ఇందులో ఎవరి పేర్లూ చెప్పను. కొందరు ఇప్పుడు లేరు, ఉన్నవాళ్ళలో కొందరికి నా మీద కోపం ఇంకా తగ్గలేదు.

నాది పాత బెంగళూరు. పేటలో మగ్గాల ఇల్లు. పోగు తెగితే ముడి వేయడం నడక రాకముందే నేర్చుకున్నాం. తెగిన పోగును చూసి చూడనట్టు వదిలేస్తే మా నాయన అన్నం ముందు నుంచి లేపేవాడు. ఆ ఇంటి నుంచి వెళ్ళి, పాత కోటల్నీ గుళ్ళనీ కొలిచి కాగితం మీద గీసే ఉద్యోగంలో చేరాను. అప్పట్లో ఆ గదిలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, కాన్వాసు బూట్లేసుకుని గుట్టలెక్కుతుంటే కింద ఊళ్ళవాళ్ళు పనులాపి చూసేవాళ్ళు. చూడనీ అని ఎక్కేదాన్ని.

చేరిన రెండో ఏడు మమ్మల్ని దేవనహళ్ళి అవతల ఒక గుట్టకు పంపారు. అక్కడ పాత కట్టడాలేమున్నాయో పట్టీ తయారు చేయడం పని. క్యాంపు ఆఫీసరు, టేపు పట్టుకునే మనిషి, ఒక నౌకరు, నేను. పైన ఒక గుండ్రటి రాతి గోడ ఉంది. మనిషెత్తు. సున్నం, మట్టి ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడ. లోపల బండలోకి తొలిచిన గుంట, దాని పక్కన పీటలాంటి ఒక రాయి. గుంటలో బండ ఎర్రగా కాలి పెచ్చులు లేచి ఉంది, అడుగున తెల్లగా గట్టిపడిన పొర. గోడకు మూడు చోట్ల కంతలున్నాయి. దక్షిణం కంత కొంచెం వెడల్పు, అందులోంచే ఒక్కొక్కరం పక్కకు తిరిగి లోపలికి దూరాం.

ఎండకు సొమ్మసిల్లి ఉన్నానేమో, ఆ పీట మీద ఒక కంతకు వీపు పెట్టి కూలబడ్డాను. బయట మేకలు మేపుకుంటున్న ఒకామె తొంగి చూసింది. నాకంటే పది పదిహేనేళ్ళు పెద్దది. ఆ గుట్టల వైపు ఊళ్ళలో చాలామటుకు తెలుగే.

"అమ్మా, కంతకు ఈపు పెట్టి కూసోవద్దు" అంది.

ఎందుకని అడిగాను. ఆమెకూ తెలియదు. "మా అత్త చెప్పింది. ఆయమ్మకు వాళ్ళత్త చెప్పింది. గుట్టెక్కినోళ్ళు కంతలో రాయి పడుంటే తీసి అవతల పారెయ్యల్ల, కంతకు ఈపు పెట్టగూడదు. అంతే" అంది. మా క్యాంపు ఆఫీసరు నవ్వాడు. నేనూ నవ్వాను. మర్యాదకని కొంచెం జరిగి కూర్చున్నాను గానీ, ఆ మాట నా పుస్తకంలో రాసుకోలేదు.

ఆఫీసరు గుంటలోని తెల్లటి పొరను వేలితో గీకి చూసి, సున్నపు బట్టీ అన్నాడు. ఈమధ్య కాలంది, పట్టించుకోవలసింది కాదు అన్నాడు. నేను పెన్సిలుతో ఫీల్డు పుస్తకంలో కొలతలన్నీ వేశాను. మూడు కంతలనూ వేశాను, వాటి వెడల్పు వేశాను, మధ్యలో నిలబడి దిక్సూచితో ఒక్కో కంత ఏ దిక్కుకు చూస్తోందో కూడా రాశాను. అలా రాయమని నేర్పారు కాబట్టి రాశాను, ఏదో కనిపెట్టానని కాదు. సాయంత్రం దిగేముందు ఆఫీసరు ఆ పేజీ కింద రోజువారీ సంతకం పెట్టాడు.

తప్పు గుట్ట మీద జరగలేదు, ఆఫీసులో నా బల్ల మీద జరిగింది. పెన్సిలు నక్షాను ట్రేసింగు షీటు మీద ఇంకుతో దించేటప్పుడు, రాళ్ళు కూలి పడిన కంతలని అనుకుని, ఆ మూడు చోట్లా చుక్కల గీత పెట్టాను. ఇక్కడ గోడ ఉండి ఉంటుంది, మాకు కనబడలేదు అని చుక్కల గీతకు అర్థం. మా హెడ్ డ్రాఫ్ట్‌స్‌మన్ వచ్చి చూశాడు. గొప్ప పనివాడు, ఆయన గీతలో వణుకు ఎన్నడూ చూడలేదు. గోడకు కుట్టు వేసినట్టుంది, నక్షాలో అనుమానం కనిపించకూడదు, కలిపెయ్ అన్నాడు. కలిపేశాను. ఆయన చెప్పాడు నిజమే, కానీ గీసిన చెయ్యి నాది. దాచుకోవడమెందుకు, ఆ గీత చుట్టూ తిరిగి వచ్చి మొదలైన చోట కలిసినప్పుడు నాకు ఎంతో సంతోషమేసింది. మగ్గం ఇంటి బుద్ధి.

ఆ నక్షాకు మంచి పేరొచ్చింది. ఒక్కో రాయీ విడిగా కనిపించేలా గీశానని పెద్దవాళ్ళు మెచ్చుకున్నారు. ఫ్రేము కట్టి గోడకు పెట్టారు. కొత్తగా వచ్చినవాళ్ళకు, ఇదీ నక్షా అంటే అని చూపించేవాళ్ళు. నా నక్షా ప్రకారం ఆ గోడ లోపలికి పోవడానికి దారే లేదు. మరి మేం నలుగురం లోపలికి ఎలా వెళ్ళి కొలిచామని ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

ముప్పై ఏళ్ళు గడిచాయి. దేవనహళ్ళి పక్కన విమానాలు దిగసాగాయి. యలహంకలో మేం ఇల్లు కట్టుకున్నప్పుడు చుట్టూ ఉన్న ద్రాక్షతోటలు పోయి అపార్ట్‌మెంట్లు లేచాయి. వాటన్నిటికీ కంకర కావాలి, కంకరకు గుట్టలు కావాలి. నా రిటైర్మెంటుకు నాలుగు నెలలుందనగా ఒక ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. ఆ గుట్టను క్వారీకి అడుగుతున్నారు. పైన కాపాడవలసిన కట్టడమేదీ లేదనడానికి సాక్ష్యంగా, మా ఆఫీసే ఎప్పుడో ఇచ్చిన నా నక్షా నకలు జత చేశారు. మూసి ఉన్న గుండ్రటి గోడ, సున్నపు బట్టీ, ఈమధ్యది అని ఉంది దాని మీద. హద్దుల నక్షా ఒకటి గీసి పంపితే ఫైలు కదిలిపోతుంది.

నా గీతలు చూసి ముందు మురిసిపోయాను, అబద్ధం చెప్పను. తర్వాత చదివాను. సున్నపురాయి దొరకని గుట్ట మీదికి, సున్నపురాయీ కట్టెలూ మోసుకెళ్ళి, కాల్చిన సున్నం మళ్ళీ కిందికి మోసుకొచ్చే పిచ్చివాడెవడు? ఈ ప్రశ్న నాకు ముప్పై ఏళ్ళు రాలేదు. ఆ రోజు వచ్చింది. దాని వెనకే, కంతకు వీపు పెట్టొద్దన్న మనిషి మాట గుర్తొచ్చింది.

రికార్డు గదిలో రెండు రోజులు దుమ్ము తిని నా ఫీల్డు పుస్తకం బయటికి తీశాను. మూడు కంతలు, వాటి దిక్కులు, నా పెన్సిలు రాతలో. పెద్ద మ్యాపు పరిచి, గుట్ట మీద చుక్క పెట్టి, ఆ దిక్కుల వెంట స్కేలు పెట్టి గీతలు లాగాను. దక్షిణం గీత తిన్నగా దేవనహళ్ళి కోట మీదికి పోయింది. తూర్పు గీత ఒక గుట్ట శిఖరం మీదికి, పడమటి గీత ఇంకో గుట్ట శిఖరం మీదికి. కూలిన గోడ ఇంత గురి చూసి కూలదు.

మీలో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పాళెగాళ్ళ కాలంలో గుట్ట నుంచి గుట్టకు మంటతో కబురు పంపేవాళ్ళు. రాత్రి మంట, పగలు పొగ. దండు వస్తోందని ఒక గుట్ట మీద మంట లేస్తే, ఇంకో గుట్ట మీద కాపు ఉన్నవాడు చూసి తానూ రాజేస్తాడు. కింద ఊళ్ళవాళ్ళు పిల్లాజెల్లాతో కోటలోకి చేరుకుంటారు. చుట్టూ మనిషెత్తు గోడ ఎందుకంటే, మైదానంలో ఉన్న శత్రువుకు మంట కనిపించకూడదు. కంతలెందుకంటే, చూడవలసిన మూడు చోట్లకు కనిపించాలి. పీట మీద కూర్చున్నవాడు అవతలి మంటల కోసం ఆ కంతల్లోంచే చూస్తాడు. గుంట అడుగున గట్టిపడిన తెల్లటి పొర ఆ మంటల బూడిదే. కంత మూసుకుంటే ఊరికి కబురు లేదు. నేను మూడూ మూశాను.

మ్యాపు పట్టుకుని మా ఆఫీసు పెద్దసారు దగ్గరికి వెళ్ళాను. చెడ్డవాడు కాదు, పని తెలిసినవాడు, చూడగానే అర్థం చేసుకున్నాడు. తలుపు దగ్గరకు వేసి, సొరుగులోంచి సగం బ్లేడు తీసి నా ముందు పెట్టాడు. ట్రేసింగు షీటు మీద ఇంకును బ్లేడుతో గీకి తుడిచేయడం మా పనిలో రోజూ చేసేదే. ఒరిజినల్ మీద మూడు చోట్ల గీకితే చాలు, అది మొదటి నుంచీ అలాగే ఉందంటాం, వాళ్ళ దగ్గరున్నది సరిగా రాని నకలంటాం, గుట్టా నిలుస్తుంది, మీ పేరూ నిలుస్తుంది అని కన్నడంలో నెమ్మదిగా చెప్పాడు.

గుట్ట నిలుస్తుందన్నాడు కాబట్టి ఆలోచించాను. తోటి ఉద్యోగిని ఒకామె మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీస్తూ ఇంకో మాట చెప్పింది. ఒక నక్షా తప్పని నువ్వే ఒప్పుకుంటే, ముప్పై ఏళ్ళలో నువ్వు గీసినవన్నీ అనుమానమే అవుతాయి, ప్రతి క్వారీవాడూ నీ పేరు పట్టుకుని వస్తాడు అంది. ఆ మాట నన్ను నిజంగా భయపెట్టింది. నేను సంపాదించుకున్నదంటూ ఉంటే ఆ నక్షాలే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెల్లారేసరికి భయం పోయి కోపం మిగిలింది. ఒకసారి ఉన్న కంతలను లేవని గీశాను. ఇప్పుడు గీసిన గీతలను గీయలేదనాలా? మొదటిది తెలియక చేశాను. రెండోది తెలిసి చేయమంటున్నారు. ఆఫీసుకు వెళ్ళి, ఈ నక్షా తప్పు, గీసింది నేనే, ఫీల్డు పుస్తకం ఇదిగో అని రాసి సంతకం పెట్టి ఫైల్లో కట్టాను. పెద్దసారు తల పట్టుకున్నాడు. ఆ సగం బ్లేడు ఆయన బల్ల మీదే ఉంటే తీసి నా పెన్సిలు పెట్టెలో వేసుకున్నాను. నాలుగు నెలలు నోరు మూసుకుని ఉండలేకపోయిందని వరండాలో అనుకున్నారు, నాకు వినబడేలాగే అనుకున్నారు.

ఇన్స్పెక్షనుకు రోజు ఖాయమైంది. దానికి ముందు ఆదివారం మా జీపు డ్రైవరును తోడు తీసుకుని గుట్టెక్కాను. అతనిది బాగేపల్లి వైపు, నన్ను అక్కా అంటాడు. దక్షిణం కంతలోంచి దేవనహళ్ళి వైపు ఆకాశంలో దిగుతున్న విమానం కనిపించింది. తూర్పు కంతలోంచి చూస్తే ఏమీ లేదు. మ్యాపులో ఉన్న గుట్ట నేల మీద లేదు. ఆ చోట పెద్ద గొయ్యి, అందులో పచ్చటి నీళ్ళు. ఎప్పుడో తవ్వుకుపోయారు. పడమటి గుట్ట ఒక్కటే మిగిలింది, అదీ దుమ్ములో మసకగా.

మేకలావిడ బతికే ఉంది. నడుం వంగింది గానీ గుట్టెక్కడం మానలేదు. ఆమెకు నా నక్షా చూపించి, ఇదే ఈ గోడ అని చెప్పాను. వేలితో గీత వెంట చుట్టూ తిరిగి వచ్చింది. కంతలు యాడ అని అడిగింది. నేను మూసేశానని చెప్పాను.

"మా అత్తగారి కాలం నుంచి ఒక్కో రాయీ చేత్తో తీస్తా వచ్చినామమ్మా. నువ్వు ఒక గీతతో మూసినావా" అంది.

కోప్పడి అనలేదు. అందుకే ఆ మాట ఇప్పటికీ నాతో ఉంది. దిగుతున్నప్పుడు డ్రైవరు ఒక ఉపాయం చెప్పాడు. పొగ వేసి చూపిద్దామంటే విమానాల దారిలో ఎవరూ ఒప్పుకోరు, పైగా ఈ దుమ్ములో పొగ కనపడదు. "నేను ఆ పడమటి గుట్టెక్కి మన జీపు అద్దం ఆడిస్తానక్కా. ఎండ ఉంటే అద్దం కనపడతాది" అన్నాడు.

ఇన్స్పెక్షను రోజు పొద్దున పదింటికి అందరం పైన ఉన్నాం, డ్రైవరు అద్దంతో పడమటి గుట్ట మీద. పెద్దసారు, రెవెన్యూ ఆఫీసరు, క్వారీ వాళ్ళు తెచ్చుకున్న నిపుణుడు. ఆ నిపుణుడు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన పెద్దమనిషి, ఊరికే డబ్బుకు అమ్ముడుపోయే రకం కాదు. తన దగ్గరున్న నకలు విప్పి, ఇది మీ ఒరిజినల్‌తో సరిపోతుందా అని నన్ను అడిగాడు. పెద్దసారు నా వైపు చూడలేదు. బ్లేడు వాడి ఉంటే మా కథ అక్కడే ముగిసేది.

"గీత గీతకూ సరిపోతుంది. రెండూ తప్పే" అన్నాను.

ఫీల్డు పుస్తకం చూపించాను. ఇది నిన్న రాసింది కాదని ఏమిటి నమ్మకం అన్నాడు. చనిపోయిన క్యాంపు ఆఫీసరు రోజువారీ సంతకం చూపించాను. సరే, కంతలు అప్పటికే ఉన్నాయి, కూలినవే కావచ్చు కదా అన్నాడు. కూలితే కింద రాళ్ళు పడి ఉండాలి, ఒక్కటీ లేదన్నాను. అప్పుడు కంత బయట నిలబడి వింటున్న మేకలావిడ ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది, రాళ్ళు మేమే తీసి పారేస్తామని. నిపుణుడు నవ్వి, అయితే ఈ కంతలు మేకలవాళ్ళు చేసుకున్నవేనన్నమాట అన్నాడు. రెవెన్యూ ఆఫీసరు అది రాసుకున్నాడు. కంత అడుగున చెక్కిన గడపరాయిని చూపించాను. ఎక్కడి నుంచో తెచ్చి వేసిందేమో అన్నాడు. దిక్కులు గీసిన మ్యాపు పరిచాను. మ్యాపు మీద ఎవరైనా ఎన్ని గీతలైనా లాగొచ్చు, ఇక్కడినుంచి మీ గుట్ట నా కంటికి కనిపించడమే లేదన్నాడు. అదీ నిజమే, దుమ్ము అలా ఉంది. పదిన్నర దాటింది. అద్దం మెరవవలసిన వేళకు సరిగ్గా మబ్బు పట్టింది. పడమటి కంతలోంచి నేను చూసి చూసి కళ్ళు నీళ్ళు కారాయి.

నిపుణుడు అలసిపోయాడు. ఆయనకూ వయసైంది. గుంట పక్కన పీట మీద కూర్చుని, పడమటి కంతకు వీపు పెట్టి నీళ్ళ సీసా మూత తిప్పుతున్నాడు. మేకలావిడ బయటినుంచి తొంగి చూసింది. ముప్పై ఏళ్ళ కింద నాతో అన్న మాటే ఆయనతోనూ అంది.

"సామీ, కంతకు ఈపు పెట్టి కూసోవద్దు."

పెద్దదాని మాట ఎందుకు కాదనాలని ఆయన మర్యాదగా పీట మీదే అటు తిరిగి కూర్చున్నాడు. మబ్బు ఎప్పుడు విడిచిందో నేను చూడలేదు. ఆయన ముఖం మీద తెల్లటి వెలుగు పడి పోయింది, మళ్ళీ పడింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మా డ్రైవరు అవతలి గుట్ట మీద అద్దాన్ని ఆడిస్తున్నాడు, మూడుసార్లు, ఆగి మళ్ళీ మూడుసార్లు. ఆయన లేచి గోడ బయటికి వెళ్ళి పడమటివైపు చూశాడు. అక్కడ ఒక పెద్ద గుండు అడ్డం ఉంది, ఏమీ కనిపించలేదు. మళ్ళీ వచ్చి కూర్చుని చూశాడు. ఆ పీట మీద కూర్చుంటేనే గుండు పక్కనుంచి ఆ శిఖరం కనిపిస్తుంది.

తర్వాత తన కాగితాలు మడిచి, ఇక్కడ కూర్చోబెట్టి చూపించే మనిషి లేకపోతే నేను జీవితమంతా బట్టీ అనే అనేవాణ్ణి అన్నాడు. ఆయన రిపోర్టులో కూడా చూసింది చూసినట్టే రాశాడు. క్వారీ అర్జీ నిలవలేదు. ఆ గుట్ట ఈ రోజుకీ ఉంది.

నాకు మెచ్చుకోలు రాలేదు, మెమో వచ్చింది. తప్పు నక్షా ఇచ్చినందుకు సంజాయిషీ అడిగారు. ఒక్క వాక్యం రాశాను, కంతలు కనిపించాయి, మూశాను అని. తోటి ఉద్యోగిని భయపడినట్టే నా పాత నక్షాలు కొన్నిటిని మళ్ళీ కొలిచారు. కొలవనివ్వండి అన్నాను. వాటిలో ఇంకొక తప్పు దొరికింది, అదీ దిద్దారు. నా పేరుకు ఏమీ కాలేదు. ఏమైనా అయ్యి ఉన్నా ఫరవాలేదనే అనుకున్నాను.

ఉద్యోగంలో నేను గీసిన చివరి నక్షా ఆ గోడదే, మూడు కంతలతో. దాన్ని పాతదాని పక్కనే పెట్టమన్నాను, పాతది తీయొద్దన్నాను. ఇప్పుడు మీరు కంప్యూటరు మీద గీస్తున్నారు. గీత చివరికి రాగానే కలిపేయనా అని అదే అడుగుతుందట. మా హెడ్ డ్రాఫ్ట్‌స్‌మన్ దానిలోనూ కూర్చుని ఉన్నాడన్నమాట. వద్దని నొక్కండి. మీ పైవాళ్ళు కలపమంటే కూడా వద్దనండి. సంతకం మీది. ఎవరైనా బ్లేడు ఇస్తే తెచ్చుకుని పెన్సిళ్ళు చెక్కుకోండి, నేను అదే చేస్తున్నాను.

ఏడాదికొకసారి ఆ గుట్టెక్కుతాను. మోకాళ్ళు వద్దంటాయి, నేను వినను. ఈసారి వెళ్ళినప్పుడు మేకలావిడ తూర్పు కంత దగ్గర వంగి ఉంది. ఆ కంతకు ఎదురుగా గుట్ట లేదని ఆమెకు నాకంటే ముందే తెలుసు. రెండు రాళ్ళు పడి ఉన్నాయి, ఒకటి పెద్దది, కదలడం లేదు. ఇక ఆ వైపు చూడడానికేముందని, తెలిసి తెలిసి అడిగాను.

"గుట్ట లేకుంటే ఏమమ్మా, కంత ఉండాది గదా. పట్టు" అంది.

ఇద్దరం కలిసి పట్టి ఆ రాయిని అవతల పారేశాం.